కార్తీక పౌర్ణమికి పిల్లాపాపల్తో బీచ్‌కి పోదామనుకుంటున్నాం, ఏం జాగర్తలు తీసుకోవాలక్కా?

ప్రశ్న: అక్కా, మాది కనిగిరి పక్కన పల్లె. మా ఇంట్లో ఒక్కరికీ ఈత రాదు. కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానం చేయాల్సిందేనని మా అత్తమ్మ పట్టుబట్టింది, పనిలో పనిగా పిల్లలకి బీచ్ చూపిచ్చినట్టు ఉంటాదని మా ఆడబిడ్డ వాళ్ళు కూడా బయల్దేరుతున్నారు. మొత్తం పన్నెండు మందిమి, అందులో నలుగురు పిల్లలు, చిన్నోడికి నాలుగేళ్ళు. అత్తమ్మకి షుగరు ఉంది. పాకల పోవాలా, కొత్తపట్నం పోవాలా, మైపాడు పోవాలా? ప్రతి ఏడూ ఎవరో ఒకరు మునిగిపోయారని పేపర్లో చూసి నాకు భయంగా ఉంది, మా ఆయనేమో మోకాల్లోతులో ఏమవుద్దిలే అంటాడు.

జవాబు: చెల్లెమ్మా, ముందు మీ ఆయన మాట సంగతి తేలుద్దాం, ఎందుకంటే బీచ్‌కి పోయే ప్రతి బ్యాచ్‌లోనూ ఈ మాట అనే మనిషి ఒకడు ఉంటాడు. మోకాల్లోతు అనేది చెరువుకి కొలత, చెరువులో నీళ్ళు మోకాలి దగ్గరుంటే అక్కడే ఉంటాయి. సముద్రంలో ఇప్పుడు మోకాలి దగ్గరున్న నీళ్ళు తర్వాత అలకి నడుం దాకా వస్తాయి, తిరిగి పోయేటప్పుడు కాళ్ళ కింద ఇసక తోడుకుని మరీ పోతాయి, అరికాలి కింద ఇసక జారిపోయి మడమ గుంటలో దిగబడ్డప్పుడు ఎంత లావు మనిషైనా తూలతాడు, అట్టా తూలిన టైములో రెండో అల వచ్చి మీద పడతాది. పైగా మీ ఆయన మోకాలు అంటే మీ నాలుగేళ్ళోడికి నడుము పైన. ఇంకోటేందంటే మన తీరంలో అడుగు సమంగా ఉండదు, ఒడ్డుకి కొంచెం దూరంలో ఇసక దిబ్బ ఉంటాది, దిబ్బకీ ఒడ్డుకీ మధ్య గుంట ఉంటాది, పోయిన వారం లేని గుంట ఈ వారం ఉండొచ్చు. దిబ్బ మీద ఎవరో నడుం లోతులో హాయిగా నిలబడి ఉంటారు, వాళ్ళని చూసి మనమూ పోదామని బయల్దేరిన వాళ్ళు మధ్యలో గుంటలో పడతారు. అందుకని పెద్దోళ్ళకి మోకాలు దాటొద్దు, పిల్లలకైతే పాదాలు తడిస్తే చాలు, అదీ పక్కన చెయ్యి పట్టుకున్న మనిషి ఉంటేనే.

అసలు ప్రమాదం అలల్లో కంటే వెనక్కి పోయే నీళ్ళల్లో ఉంటాది, ఇది కొంచెం ఓపిగ్గా చదువు. అలలు వరసగా ఒడ్డుకి నీళ్ళు తోసి పెడతాయి కదా, ఆ నీళ్ళన్నీ మళ్ళీ లోపలికి పోవాల, ఇసక దిబ్బలో యాడ సందు దొరికితే ఆ సందులోంచి కాలవ పారినట్టు జోరుగా లోపలికి పోతాయి. ఆ సందు ఉన్న చోట లోతు ఎక్కువ కాబట్టి అలలు సరిగ్గా విరగవు, అటు పక్కా ఇటు పక్కా తెల్లగా నురగ పొంగుతా ఉంటే ఈ మధ్యలో మాత్రం నీళ్ళు నున్నగా, కొంచెం ముదురు రంగులో, ఏ గోలా లేకుండా ఉంటాయి. ఈత రాని వాళ్ళు సరిగ్గా ఆ చోటే ఎంచుకుంటారు, ఇక్కడ అలలు లేవు పిల్లలకి బాగుంటాదని! నువ్వు పోగానే దిగకుండా ఒక పది నిమిషాలు ఒడ్డున కాస్త ఎత్తైన చోట నిలబడి చూడు, నురగ గానీ చెత్త గానీ ఒక చోట ఆగకుండా లోపలికి పోతా ఉంటే, ఒక చోట నీళ్ళు మాత్రం ఇసక కలిసి మడ్డిగా ఉంటే, అలల వరసలో ఒక చోట తెగినట్టు కనపడితే ఆ చోటికి దూరంగా జరిగి కూర్చోండి.

ఒకవేళ ఎవరైనా అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపుకి కొట్టుకోవడం దండగ, ఒలింపిక్ ఈతగాడు కూడా ఆ నీటికి ఎదురీది గెలవలేడు, అలిసిపోయి మునిగిపోతారు. ఆ లాగుడు మనిషిని లోపలికి తీసుకుపోతాది గానీ కిందకి లాగదు, దాని వెడల్పు కూడా చాలాసార్లు పది నుంచి ముప్పై మీటర్ల లోపే. ఈత వచ్చినోళ్ళు ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది అలలు విరిగే చోటుకి చేరి అక్కడి నుంచి ఒడ్డుకి రావాల. మీలాగా ఈత రాని వాళ్ళు వెల్లకిలా పడుకుని, నోరు ముక్కు నీళ్ళ పైన పెట్టి, ఒక చెయ్యి ఎత్తి ఊపతా కేకేయాల. చెప్పడం తేలికే, ఆ టైములో అంత నిబ్బరం ఉండదని నాకూ తెలుసు, అందుకే ముందుగా చెప్పి పెట్టమంటున్నా, కార్లో పోయేటప్పుడు పాటలు కాసేపు ఆపి అందరికీ ఇది చదివి వినిపించు.

ఇంక తేదీ సంగతి. నన్నడిగితే కార్తీక పౌర్ణమి రోజు మీ పన్నెండు మందీ పోవద్దు. భక్తికి అడ్డం చెప్తున్నా అనుకోవద్దు, లెక్క చూడు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి ఈశాన్య రుతుపవనాల కాలం, నెల్లూరు ప్రకాశం తీరానికి అసలు వానలూ తుపాన్లూ అప్పుడే. 2023లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న, అది కార్తీక మాసమే. తుపాను లేకపోయినా ఆ నెలల్లో సముద్రం గరుగ్గా ఉంటాది, ఒడ్డు వెంబడి నీళ్ళు ఉత్తరం నుంచి దక్షిణానికి లాగతా ఉంటాయి, బట్టలు పెట్టిన చోట దిగిన మనిషి కాసేపటికి తెలియకుండానే పక్కకి జరిగిపోయి ఉంటాడు. ఎక్కడో దూరాన బంగాళాఖాతంలో వాయుగుండం ఉంటే ఇక్కడ ఎండ కాస్తా ఉన్నా అలలు మాత్రం ఎత్తుగా వస్తాయి. దానికి తోడు పౌర్ణమి నాడు జనం, చీకటితోనే స్నానాలు.

ఇక్కడ ఒక సంగతి దగ్గరగా చూడాల్సింది ఉంది. తెల్లవారుజామున ఆడోళ్ళు అరటి దొప్పలో దీపం పెట్టి నీళ్ళల్లో వదులుతారు కదా, చెరువులోనో ఏట్లోనో అయితే అది నిదానంగా పోతాది, సముద్రంలో వదిలితే తర్వాత అల దాన్ని తీసుకొచ్చి మళ్ళీ కాళ్ళ దగ్గరే పడేస్తాది. దీపం వెనక్కి రావడం మంచిది కాదనిపించి ఇంకో రెండు అడుగులు లోపలికేస్తారు, మళ్ళీ వస్తాది, ఇంకో రెండు. ఎవరూ లోతుకి పోవాలనుకోరు, దీపం కోసం పోతారంతే. ఒంటి మీద తడిసిన చీర, ఆరు గజాల గుడ్డ నీళ్ళు పీల్చి కాళ్ళకి చుట్టుకుంటే అడుగు తీసి అడుగు వేయలేరు, పడితే లేవలేరు. దీపాలు ఊర్లో కోనేట్లోనో, ఇంటి దగ్గర తులసమ్మ ముందు నీళ్ళ పళ్ళెంలోనో పెట్టుకోమను, సముద్రంలో వద్దు.

నీకు తోవ చెప్తా. మాఘ పౌర్ణమికి కూడా సముద్ర స్నానం చేస్తారు, మాఘ స్నానానికి ఉన్న పేరు మీ అత్తమ్మకి నాకంటే బాగా తెలిసి ఉంటాది. అది ఫిబ్రవరి ప్రాంతంలో వస్తాది, వానలు వెనకబడి సముద్రం చాలావరకు నెమ్మదిస్తాది, ఎండలు ఇంకా ముదరవు. పౌర్ణమి నాడే పోవాలంటే జనం ఉంటారనుకో, కానీ కార్తీకంలో ఉన్నంత గరుకు మాత్రం ఉండదు. పిల్లల బీచ్ సరదా ఆ నెలలోనే ఇంకో మామూలు రోజుకి పెట్టుకున్నా సరే.

లేదు, కార్తీకమే అంటే అత్తమ్మతో మీ ఆయనా ఇంకో మొగమనిషీ పోయి స్నానం చేయించి తీసుకురండి, పిల్లల్ని తీసుకుపోవద్దు. చీకట్లో కాకుండా బాగా తెల్లారినాక, పోలీసులు తాళ్ళు కట్టి చూపించిన చోటే దిగండి. ఆమెని అలల్లో కూర్చోబెట్టొద్దు, చాలా మంది పెద్దోళ్ళు ఒడ్డున కూర్చుని అల మీదికి వస్తే సరదా పడతారు, కూర్చున్న మనిషిని అల దొర్లించడం చాలా తేలిక. చెంబుతో నీళ్ళు ముంచి తెచ్చి తడి ఇసక మీద నిలబెట్టి నెత్తిన పోయండి. అట్టా పోసుకుంటే పుణ్యం తగ్గుద్దని ఏ పంతులుగారూ చెప్పగా నేను వినలేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ రోజు ఆమె ఉపవాసం ఉంటాది కదా. షుగరు బిళ్ళలో ఇన్సులినో వేసుకుని ఏమీ తినకుండా ఉంటే షుగరు పడిపోతాది, చెమటలు పట్టి చేతులు వణికి కళ్ళు తిరుగుతాయి, నీళ్ళ పక్కన అది జరిగితే ఎంత ఘోరమో చెప్పక్కర్లా. ముందు రోజే డాక్టర్ని అడిగి ఆ పూట మందు ఎంత తీసుకోవాలో కనుక్కో, జేబులో గ్లూకోజు పొడో చక్కెరో పెట్టుకో, లక్షణాలు కనపడ్డాయంటే ఉపవాసం సంగతి పక్కన పెట్టి వెంటనే ఇచ్చేయాల్సిందే.

యాడకి పోవాలంటే, మీ ఊరి నుంచి కందుకూరు మీదుగా సింగరాయకొండ చేరితే పాకల బీచ్ దగ్గరే, మీకు అదే తేలిక. కొత్తపట్నం ఒంగోలు పక్కన, ఇరవై కిలోమీటర్ల లోపే, ఏదైనా అయితే ఒంగోలులో పెద్ద ఆస్పత్రులు దగ్గర్లో ఉంటాయి, అత్తమ్మ ఉంది కాబట్టి అది కూడా ఆలోచించు. మైపాడు నెల్లూరుకి పాతిక కిలోమీటర్లు, ఇందుకూరుపేట మీదుగా పోవాల, అక్కడ టూరిజం వాళ్ళ రిసార్టు ఉంది, రాత్రి ఉండాలనుకునే వాళ్ళకి బాగుంటాది గానీ కనిగిరి నుంచి ఒక్కరోజులో పోయి రావాలంటే పిల్లలు అలిసిపోతారు. వాడరేవు, సూర్యలంక ఇప్పుడు బాపట్ల జిల్లా, మీకు ఇంకా దూరం. నేనైతే పాకల అంటా. పనిలో పనిగా మాలకొండ స్వామిని చూసుకోవాలనుకుంటే శనివారం పెట్టుకోండి, ఆ గుడి శనివారం ఒక్కరోజే తీస్తారు. యాడకి పోయినా ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర మాత్రం దిగొద్దు, మన్నేరైనా గుండ్లకమ్మైనా ఊటుకూరు దగ్గర పెన్నైనా అంతే, పైన నీళ్ళు నిలబడినట్టు ఉంటాయి, కింద లాగతా ఉంటాయి. దోవలో బకింగ్‌హామ్ కాలవ కనపడితే అందులో కూడా పిల్లల్ని దించొద్దు, అడుగున బురద.

చేరగానే నీళ్ళ వైపు పరిగెత్తకుండా పట్టపుపాలెం వాళ్ళని, అంటే అక్కడ చేపలు పట్టేవాళ్ళని అడగండి, వలలు బాగుచేసుకుంటా ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. "అన్నా, ఇవాళ యాడ దిగొచ్చు, యాడ గుంటలున్నాయి" అంటే వేలు పెట్టి చూపిస్తారు, ఇవాళ అసలు దిగొద్దంటే మాత్రం వాళ్ళతో వాదించొద్దు, ఆ నీళ్ళ మీద రోజూ బతికే వాళ్ళు వాళ్ళు. బయల్దేరే ముందు రోజు హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం వాళ్ళ అలల హెచ్చరికలు, వాతావరణ శాఖ బులెటిన్ ఫోన్‌లో చూసుకోండి, కృష్ణపట్నం పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్తల్లో వస్తే నంబరు ఎంతైనా సరే ప్రయాణం ఆపేయండి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది కూడా పౌర్ణమి ఆదివారమే, స్నానాలకి పోయిన జనం తీరంలో ఉన్నారు. అట్టాంటిది మళ్ళీ మళ్ళీ రాదనుకో, కానీ నేల గట్టిగా అదిరినా, సముద్రం ఎప్పుడూ లేనట్టు వెనక్కి పోయి అడుగు బయటపడినా చూస్తా నిలబడకుండా ఊరి వైపు పరిగెత్తాలని పిల్లలక్కూడా చెప్పి పెట్టు.

పిల్లల కాపలా సంగతి. పన్నెండు మంది ఉంటే ఎవరో ఒకరు చూస్తా ఉంటారులే అని ప్రతి ఒక్కరూ అనుకుంటారు, చివరికి ఎవరూ చూడరు. నలుగురు పిల్లలకి నలుగురు పెద్దోళ్ళని పేరు పెట్టి అప్పజెప్పు, ఫలానా పిల్లోడు ఫలానా బాబాయి బాధ్యత అని, ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు, ఫొటోలు తీసే పని ఇంకొకరికి ఇవ్వు. మునిగిపోయే పిల్లలు సినిమాల్లో లాగా కేకలెయ్యరు, తల వెనక్కి వాలి నోరు నీళ్ళ అంచున ఉంటాది, చప్పుడే ఉండదు, నువ్వు రెండు గజాల దూరంలో ఉన్నా తెలియదు. మందు తాగిన మనిషికి పిల్లల్ని అప్పజెప్పొద్దు, అసలు తాగిన వాళ్ళని నీళ్ళల్లోకి పోనీయొద్దు, అక్కడ మొహమాటం పనికిరాదు. గాలి ట్యూబులు, బెలూన్ పడవలు అమ్ముతా ఉంటారు, కొనొద్దు, పొద్దున పూట గాలి నేల మీంచి సముద్రం వైపుకి వీస్తా ఉంటాది, ట్యూబులో కూర్చున్న పిల్లోడు కళ్ళముందే లోపలికి పోతాడు, తండ్రి వెనకాల దిగుతాడు. బంతి పోయినా చెప్పు పోయినా పోనీ, ముప్పై రూపాయల బంతి కోసం ఎవరూ దిగకూడదని ముందే ఒట్టు వేయించు. పిల్లలకి నీలం, ఆకుపచ్చ బట్టలు కాకుండా ఎర్రవో నారింజవో వేయి, నీళ్ళల్లో దూరాన్నుంచి కనపడతాయి. జేబులో నీ ఫోన్ నంబరు రాసిన చీటీ కవర్లో చుట్టి పెట్టు.

ఎవరైనా కొట్టుకుపోతా ఉంటే ఈత రాని వాళ్ళు వెనకాల దూకొద్దు, ఒకరి కోసం ఇంకొకరు దిగి ముగ్గురు నలుగురు పోయిన వార్తలన్నీ ఇట్టా జరిగినవే. మీ కార్లో ఒక పొడుగు మోకు, మూత బిగించిన రెండు ఖాళీ ఐదు లీటర్ల డబ్బాలు పెట్టుకోండి, డబ్బా పిడికి మోకు కట్టి విసిరితే పట్టుకుని తేలతారు. ఒకరు ఆ మనిషి మీంచి చూపు తిప్పకుండా వేలు చూపిస్తానే ఉండాల, ఇంకొకరు 112కి ఫోన్ చేయాల, మెరైన్ పోలీసులకి 1093, కోస్ట్‌గార్డ్‌కి 1554, అంబులెన్స్‌కి 108, ఇంకొకరు పాలెం వాళ్ళ కోసం పరిగెత్తాల.

బయటికి తీసినాక కడుపు నొక్కడం, భుజానేసుకుని గిరగిరా తిప్పడం, తలకిందులు చేయడం వద్దు, నీళ్ళు కక్కితే బతుకుతారనుకోవడం తప్పు, ఆ టైమంతా ఊపిరి అందక మెదడు దెబ్బతింటాది. వాట్సాప్‌లో ఉప్పు కుప్పలో పాతిపెడితే లేస్తారని తిరగతా ఉంటాది చూడు, అది పచ్చి అబద్ధం. పిలిస్తే పలక్కుండా, ఊపిరి ఆడకుండా ఉంటే వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి రెండు సార్లు ఊదాల, తర్వాత రొమ్ము మధ్యలో రెండు చేతులతో గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 లెక్కన 30 సార్లు నొక్కాల, మళ్ళీ రెండు సార్లు ఊదాల, అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు. మునిగినోళ్ళకి ఊపిరి ఊదడమే ముఖ్యం. లేచి కూర్చుని బాగానే ఉన్నానంటున్నా నీళ్ళు మింగి దగ్గుతా ఉన్న మనిషిని ఆస్పత్రికి తీసుకుపోవాల్సిందే, కొన్ని గంటల తర్వాత ఆయాసం రావొచ్చు.

మిగతావి చిన్నవే. బంగారం ఇంట్లో పెట్టి పోండి, మెళ్ళో గొలుసు అల లాక్కుంటే దొరకదు. తాగే నీళ్ళ క్యాన్లు మోసుకుపోవడం కనిగిరోళ్ళకి నేను నేర్పాలా, ఓఆర్ఎస్ పాకెట్లు నాలుగు కలుపుకోండి. కారు ఇసకలోకి దించొద్దు, తారు రోడ్డు మీదే ఆపండి. జెల్లీ ఫిష్ తగిలి మంట పుడితే రుద్దొద్దు, మంచి నీళ్ళు పోయొద్దు, సముద్రం నీళ్ళతోనే కడిగి తర్వాత ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళల్లో ఉంచండి, ఆయాసం వస్తే ఆస్పత్రికి. టేకు చేప (తోకలో ముల్లుండే చేప) ముల్లు గుచ్చుకున్నా వేడి నీళ్ళే, ఆ పైన డాక్టరు. మాఘంలో పోతే తాజా చేపలు దొరకతాయి, మొప్పలు ఎర్రగా, కన్ను ఉబ్బుగా ఉందో లేదో చూసి వేయించుకోండి. వేసవి సెలవులకి మార్చుకుంటే మాత్రం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మరపడవలు కదలవు, అప్పుడు ఇప్పుడే పట్టుకొచ్చామని వంజరం చూపిస్తే ఐసు చేపేమో కనుక్కుని కొనండి.

సూర్యుడు సముద్రంలో మునిగేది అటు పడమటి తీరంలో, మనకి పొడిచేది ఇటు, కాబట్టి సాయంత్రం దాకా కాచుకునేది ఏమీ లేదు. తెల్లారే లోపు చేరి, ఎండెక్కే లోపు నీళ్ళల్లోంచి బయటికొచ్చి, సరుగుడు తోపు నీడలో అన్నాలు తిని మధ్యాహ్నం బయల్దేరండి. ఆ పల్లె రోడ్ల మీద చీకటి పడితే బర్రెలూ రొయ్యల లారీలూ, కోతలప్పుడైతే వడ్లు కూడా ఆరబోసి ఉంటాయి.

అత్తమ్మని చెప్పులు లేకుండా ఇసకలో నడవనీయొద్దు, షుగరు ఉన్నోళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గి ఆలిచిప్ప కోసుకున్నా తెలియదు. ఇంటికొచ్చినాక రాత్రి ఆమె పాదాలు మంచి నీళ్ళతో కడిగి వేళ్ళ సందులు కూడా తుడిచి లైటు పెట్టి చూడు, చిన్న గాటు కనపడినా మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకుపో.